ఆకాశంలో నేను, క్లాసులో అవ్వ

నేను విమానంలో ఉద్యోగానికి చేరిన కొత్తలో, శ్రీరాంపూర్‌లో మా క్వార్టర్ల వాళ్ళకు నేను చేసే పనేమిటో ఒక పట్టాన అంతుపట్టలేదు. నడిపేది నేనేనని కొందరు, టికెట్లు చింపేది నేనని ఇంకొందరు అనుకున్నారు. మేం నాన్నను బాపు అంటాం, అమ్మను అవ్వ అంటాం. బాపు బొగ్గుబాయిలో, అంటే గనిలో, పనిచేస్తాడు. ఆయనతో పాటు పనిచేసే పెద్దాయన ఒకరు ఒక సాయంత్రం ఇంటికొచ్చి, పైకి పోయాక కిటికీ తెరిస్తే చలి పెడుతుందా అని అడిగాడు. కిటికీలు తెరుచుకోవని చెప్పాను. మరి లోపల నువ్వేం చేస్తావన్నాడు. బెల్టు పెట్టుకోమని చెప్తాను, భోజనం పెడతాను, టీ పోస్తాను అన్నాను. ఆయన మా బాపు వైపు జాలిగా చూశాడు.

అప్పటికి నా చదువు ఇంటర్. ఆ తరువాత హైదరాబాద్‌లో కొన్ని నెలలు నడక, నవ్వు, ఇంగ్లిష్ నేర్పించే చోట చేరాను. నడక, నవ్వు తొందరగానే వచ్చాయి. ఇంగ్లిష్ తరువాత వచ్చింది. ఉద్యోగం దొరికింది. ఇక పుస్తకం ముట్టే అవసరం లేదని నేను సంబరపడుతుంటే, మా అవ్వ ఒక్కతే సంబరపడలేదు. ఉద్యోగం చెయ్యి, కాదనను, కానీ డిగ్రీ కూడా చెయ్యి అనేది. ఆ పెద్దాయన అది విని, టీ పోసెటందుకు డిగ్రీ ఏం జేసుకుంటదని నవ్వాడు. నిజం చెప్పాలంటే నేను ఆయన పక్షమే. విమానంలో మా వంటగది మంచమంత ఉంటుంది. అందులో నేనూ, ట్రాలీలూ, వేడి నీళ్ళ డబ్బాలూ పట్టడమే కష్టం. డిగ్రీని ఎక్కడ పెట్టను?

అవ్వ చదివింది ఏడో తరగతి. కానీ మా చర్చిలో స్త్రీల కూడిక జరిగితే వాక్యం చదవడానికి అందరూ అవ్వ వైపే చూస్తారు. ఆమె గొంతుకు మైకు అక్కర్లేదు. చదివింది చదివినట్టు వదిలెయ్యడం కూడా ఆమెకు చేతకాదు. దాన్ని మళ్ళీ తన మాటల్లో చెప్పి, మా వాడలో జరిగిన ముచ్చట ఒకటి జోడించి, వినేవాళ్ళు తలలూపేదాకా వదలదు.

కొన్నేళ్ళు గడిచాయి. కొత్తగా చేరే పిల్లలకు పాఠాలు చెప్పే ఉద్యోగం మా సంస్థలోనే ఒకటి ఖాళీ అయింది. నేల మీద పని, వేళకు అన్నం, వేళకు నిద్ర. నాకు ఆశ పుట్టింది. మా పై అధికారి మంచి మనిషి. నన్ను పిలిచి, నీకు పనంతా వచ్చు, కానీ అక్కడికి వెళ్ళాలంటే డిగ్రీ ఉండాలి, ఏ డిగ్రీ అయినా పరవాలేదు అని చెప్పింది. ఆ మాట ఇంటికి ఫోన్ చేసి చెప్పాను. అవ్వ, "ఇగ నేనేమనను బిడ్డా" అంది. అని, చాలా సేపు అంది.

దూరవిద్యలో బి.ఏ. కట్టాను. సమాజశాస్త్రం ఎందుకు ఎంచుకున్నానంటే, బల్ల మీద పెట్టిన పుస్తకాలన్నింటిలో అదే పలుచగా కనిపించింది. ఆ సబ్జెక్టు మాకు దగ్గరి మంచిర్యాలలో చెప్పరట, కరీంనగర్‌లోనే చెప్తారట. ఆదివారం ఆదివారం క్లాసులు. నాకు ఆదివారమంటే గల్ఫ్ విమానం. క్లాసుకు రాకున్నా పరీక్ష రాయనిస్తారని తెలిసి హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. పుస్తకాలు తెచ్చిపెట్టమని మాత్రం అవ్వకు చెప్పాను. కరీంనగర్‌లో మా చిన్నమ్మ ఉంటుంది. శనివారం పోయి ఆమె ఇంట్లో పడుకుని, పొద్దున పుస్తకాలు తీసుకుని రావడం అనుకున్న పని.

ఆ ఆదివారం వాన పట్టుకుంది. అవ్వ పుస్తకాల కట్ట ఒడిలో పెట్టుకుని, వాన తగ్గేదాకా అని క్లాసు గదిలో వెనక బెంచీ మీద కూర్చుంది. పాఠం చెప్పే సారు వచ్చి, కొత్త మొహం చూసి, మీరెవరమ్మా అని అడిగాడు. అవ్వ లేచి నిలబడింది.

"నా బిడ్డ మీ దగ్గర చదువుతది సారూ. అది ఆకాశంల ఉన్నది."

సారు కళ్ళద్దాలు తీసి తల దించుకున్నాడట. పక్కన కూర్చున్న అంగన్‌వాడీ టీచరు అవ్వ చెయ్యి పట్టుకుందట. అవ్వకు ఇదంతా ఎందుకో అర్థం కాలేదు. పోయిన బిడ్డ పుస్తకం చూసి ఏడుస్తుందేమో పెద్దమనిషి అని అందరూ అనుకుంటున్న సమయంలో, "మాపటికి దిగుతది. దిగినంక ఫోన్ జేస్తదిలెండ్రి" అని అవ్వే వాళ్ళను ఓదార్చింది.

ఆ రోజు నుంచి ఆ క్లాసులో నాకు ఆకాశం అని పేరు పడింది. నవ్వాపుకోలేని సారు, వాన తగ్గేదాకా ఏమిటి, గంట కొట్టేదాకా కూర్చోండి అన్నాడు. అవ్వ కూర్చుంది. తరువాతి ఆదివారం వానలేదు. అయినా పోయింది.

నాకు ఆ సంగతి దుబాయిలో దిగి ఫోన్ తెరిచాక తెలిసింది. వాట్సాప్‌లో అవ్వ గొంతు వచ్చి ఉంది, ఒకటి కాదు, వరసగా. మమ్మల్ని హోటల్‌కు తీసుకుపోయే వ్యానులో చెవుల్లో పెట్టుకుని విన్నాను. ముందు వందనాలు, తరువాత చిన్న ప్రార్థన, తరువాత పాఠం. వెనక చిన్నమ్మ కుక్కర్ ఈలలు. పక్క సీట్లో ముంబై అమ్మాయి ఏం పాట వింటున్నావని అడిగింది. మా అమ్మ అన్నాను.

సారు చెప్పేది ఫోన్‌లోనే రికార్డు చేసి పంపొచ్చు కదా అని ఒకసారి అవ్వతో అన్నాను. అవ్వ ఒప్పుకోలేదు. ఆయన మాటలు నీకు ఎక్కవు, నేను వేరేగా చెప్తాను అంది. ఆమె వేరేగా చెప్పిన మొదటి పెద్ద పాఠం, హోదా, పాత్ర. ఒకే మనిషి ఒక్కో చోట ఒక్కో తీరుగా ఎందుకు నడుచుకుంటాడన్నది విషయం. అవ్వ దానికి బాపును పట్టుకుంది.

"మీ బాపు బాయిల సర్దారు. ఆయన అడుగు ముంగట పెట్టుమంటెనే పదిమంది పెడుతరు, ఆగుమంటె ఆగుతరు. గా మనిషే ఇంటికొచ్చి ఉప్పు డబ్బ ఏడున్నదని అడుగుతడు. చర్చిల కానుకల సంచి పట్టుకుని నిలబడ్డప్పుడు మెల్లగ నడుస్తడు, అల్లుడోలె. మనిషి ఒక్కడే బిడ్డా. నిలబడ్డ జాగ వేరు."

ఇంతకన్నా బాగా నా పుస్తకంలో లేదని చెప్పలేను, ఎందుకంటే పుస్తకం అట్ట ఇంకా విప్పలేదు. కానీ మరునాడు విమానంలో ట్రాలీ తోసుకుంటూ పోతుంటే ఒకాయన నామీద గట్టిగా అరిచాడు, కాఫీలో చక్కెర తక్కువైందని. మామూలుగా అయితే ఆ అరుపు నాతో పాటు హోటల్ గది దాకా వచ్చేది. ఆ రోజు నాకు ఆయన చేతిలో ఉప్పు డబ్బ కనిపించింది. నవ్వు వచ్చింది. చక్కెర ఇచ్చాను.

అవ్వ ఆదివారాలు కరీంనగర్‌లో గడుపుతుంటే మా చర్చిలో గుసగుసలు మొదలయ్యాయి. ఏనాడూ ఆరాధన తప్పని మనిషి కనిపించకపోతే మరి మాట్లాడుకోరా. పాస్టర్ అయ్యగారు ఇంటికి వచ్చారు. బాపు టీ పెట్టడం ఆ రోజే నేర్చుకున్నాడంటారు. అవ్వ అయ్యగారికి, కరీంనగర్ చర్చిలో పొద్దటి ఆరాధనకు పోయి, అటునుంచి అటే క్లాసుకు పోతున్నానని చెప్పింది. అయ్యగారు ఏం చదువుతున్నారని అడిగితే, నేను చదువుతలేను, నా బిడ్డ చదువుతుంది, నేను వింటున్నాను అంది. ఆయన టీ తాగి, దీవించి పోయారు. ఆ టీ ఎట్లా ఉందో ఎవరూ అడగలేదు.

హోంవర్కుగా ఒక వ్యాసం రాయమన్నారు, మీ చుట్టూ కనబడే ఒక అలవాటు గురించి. నాకు వెంటనే గల్ఫ్ విమానం గుర్తొచ్చింది. హైదరాబాద్ నుంచి దుబాయి, మస్కట్ పోయి వచ్చే విమానాల్లో సగం మంది మా వైపు వాళ్ళే. జగిత్యాల, నిర్మల్, కరీంనగర్ ఊళ్ళ నుంచి కూలికి పోయినవాళ్ళు. వచ్చేటప్పుడు హైదరాబాద్‌లో చక్రాలు నేలకు తగిలీ తగలకముందే అందరూ లేచి నిలబడతారు. పైనున్న సంచులు దించుతారు. కూర్చోండి అని ఇంగ్లిష్‌లో చెప్తాం, హిందీలో చెప్తాం. చివరికి నేను, అన్నా కూసో, తమ్మీ కూసో అని గొంతు చించుకుంటాను. ఎవరూ కూర్చోరు. నాకు ఒళ్ళు మండేది.

వ్యాసంలో నేను దీనికి కారణం కనిపెట్టాను. మన జనం బస్సులో పెరిగారు. బస్సు ఆగకముందే కిటికీలోంచి జేబులోని దస్తీ వేసి సీటు ఆపుకోకపోతే మంచిర్యాల దాకా నిలబడాలి. ఆ అలవాటే విమానంలోనూ వచ్చింది అని రాశాను. రాశాక నన్ను నేనే మెచ్చుకున్నాను. సారు కూడా మెచ్చుకుని క్లాసులో పైకి చదివాడు. అందరూ నవ్వారట. అవ్వ లేచి నిలబడింది. నా వ్యాసానికి మొదటి ఎదురుమాట మా ఇంటి నుంచే వచ్చింది.

"అది బస్సు ఎక్కేటప్పటి ముచ్చట సారూ. ఈళ్ళు దిగుతుండ్రు గద."

అవ్వ ఇంకో మాట కూడా చెప్పింది. మా మేనమామ మస్కట్‌లో పనిచేసి వచ్చిన రోజు ఇంటిల్లిపాది విమానాశ్రయం బయట నిలబడ్డారు. ఆయన పోయినప్పుడు బిడ్డ కడుపులో ఉంది, వచ్చేసరికి నడుస్తోంది. ఆయన దాన్ని ఫోన్‌లోనే చూశాడు. అటువంటివాణ్ని కూసో అంటే కూసుంటడా సారూ అని అడిగింది. సారు రెండూ రాయమన్నాడు, నా కారణం ఒక పేజీ, అవ్వ కారణం ఒక పేజీ.

ఆ వ్యాసం తిరగరాసిన కొన్ని రోజులకు మస్కట్ నుంచి వస్తున్నాం. దిగబోయే ముందు మా జట్టు పెద్దను అడిగి, మైకు తీసుకుని తెలుగులో చెప్పాను. అన్నలారా, మీ వాళ్ళు బయట నిలబడి చూస్తున్నరు. తలుపు తెరవాలంటే ఇంకా కొంచెం టైముంది. సంచులు ఇప్పుడే దించితే ఎవరి తలకన్న తాకుతది, పిల్లలకు కట్టుతోని కనబడకుండ్రి. జర కూసోండ్రి, బెల్టు దీపం ఆరంగనే నేనే లేపుత. అప్పుడు వింత జరిగింది. సగం మంది కూర్చున్నారు. మిగతా సగం నిలబడే ఉన్నారు, కానీ నవ్వుతూ నిలబడ్డారు. ఒకాయన మాత్రం కూర్చుని, నిలబడ్డవాళ్ళను చొక్కా పట్టి కిందికి గుంజడం మొదలుపెట్టాడు.

ఇంత జరిగాక నేను పరీక్ష సులువుగా గట్టెక్కుతాననే అనుకున్నాను. సెలవు పెట్టి కరీంనగర్ వచ్చి రాశాను. అవ్వ చెప్పిన పాఠాలన్నీ చెవుల్లో ఉన్నాయి. బాపును రెండు జవాబుల్లో వాడాను, చిన్నమ్మను ఒక దాంట్లో. చివరి పేపర్లో మాత్రం పెద్ద ప్రశ్నలన్నీ ఒకే అధ్యాయం చుట్టూ తిరిగాయి. సమాజంలో మతం పాత్ర ఏమిటి, మత సంస్థల పనులేమిటి అని. నాకు చెవుల్లో ఏమీ వినబడలేదు. కుక్కర్ ఈల కూడా లేదు. ప్రశ్నపత్రాన్ని తిప్పి తిప్పి చూశాను. ఆ పేపర్ పోయింది.

ఫలితం చూశాక, చిన్నమ్మ ఇంట్లో ఉన్న అవ్వకు ఫోన్ చేశాను. ఆ పాఠం సారు చెప్పనే లేదంది. నేను నమ్మి ఊరుకుందును, మధ్యలో చిన్నమ్మ ఫోన్ అందుకుని, ఒకానొక ఆదివారం అక్క క్లాసు నుంచి మొహం మాడ్చుకుని వచ్చిందని, చికెన్ కూర వండితే కూడా తినలేదని చెప్పేసింది. చికెన్ తినలేదంటే సంగతి చిన్నది కాదు. గట్టిగా అడిగాను.

"చెప్పిండు" అంది అవ్వ. "మతాన్ని మనుషులు ఎట్ల తయారుజేసుకున్నరో చెప్పిండు. పొద్దుగాల చర్చిల మొక్కొచ్చి, పొద్దుమూకి గా మాట నా నోటితోని నీకెట్ల పంపుత?"

నాకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది, రెండూ ఒకేసారి రావడంతో దగ్గు వచ్చింది. నా డిగ్రీకి మా అవ్వ కత్తెర వేసింది. నా పుస్తకం నా బీరువాలోనే ఉంది, నేను తెరిచి చూసుకోలేదు. ఎవర్ని అని ఏం లాభం?

ఆ అధ్యాయం మళ్ళీ చెప్పే ఆదివారం ఎప్పుడో కనుక్కుని, డ్యూటీ మార్చుకుని, మొదటిసారి నా క్లాసుకు నేను వెళ్ళాను. అవ్వ వెంట వచ్చింది, కానీ నాలుగడుగులు వెనక నడిచింది. గదిలో అడుగుపెట్టగానే అందరూ తలలు తిప్పారు. ఆకాశం దిగిందన్నారెవరో. అక్కడ వాళ్ళకు నా గురించి తెలియనిది లేదు. బల్లికి భయపడతానని తెలుసు, లెక్కల్లో ఎన్ని మార్కులు వచ్చాయో తెలుసు, కాకరకాయ తిననని తెలుసు. సిరిసిల్ల నుంచి వచ్చే, మరమగ్గం నడిపే ఒకాయన, మీకు విమానంలో బల్లులుండవు కద మేడం అని పరామర్శించాడు. అంగన్‌వాడీ టీచరు జరిగి, అవ్వ పక్కన నాకు చోటిచ్చింది. వెనక బెంచీ కాదు, అవ్వ ఎప్పుడో మొదటి బెంచీకి వచ్చేసింది.

సారు పాఠం మొదలుపెట్టాడు. అవ్వ కొంగు బిగించుకుని కూర్చుంది. దేవుడున్నాడా లేడా అన్నది ఈ శాస్త్రం అడగదు, నమ్మినవాళ్ళు కలిసి ఏం చేస్తారు, ఎందుకు కలుస్తారు, ఒకరికొకరు ఎట్లా అవుతారు అన్నదే చూస్తుందని ఆయన చెప్తుంటే నేను రాసుకుంటున్నాను. కొండగట్టు గుడికి నడిచిపోయేవాళ్ళు దారిలో ముక్కూ మొహం తెలియనివాళ్ళతో నీళ్ళు పంచుకోవడం, బాసరలో పిల్లకు అక్షరాభ్యాసం చేయించడానికి బంధువులంతా ఒక బండి కట్టుకుని పోవడం, క్రిస్మస్‌కు వాడంతా కేకులు పంచడం, అన్నీ తెచ్చాడు. అవ్వ చెయ్యెత్తింది.

"మరి మొక్కితె ఇంటడా ఇనడా, గది ఏ పాఠంల ఉన్నది సారూ?"

"అది నాకు తెల్వదమ్మా. అది మీ డిపార్ట్‌మెంట్."

క్లాసంతా నవ్వింది. అవ్వ నవ్వలేదు కానీ, తన శాఖ తనకు దక్కిందన్నట్టు వెనక్కి వాలి కూర్చుంది. బయటికి వచ్చాక, మనిషి మంచోడే, ఆ రోజు సగం విన్న, లేచి రావద్దుండె అని తనే అంది. ఆ సాయంత్రం నేను పక్కనే మంచం మీద కూర్చుని ఉండగా, పాఠం మొత్తం ఫోన్‌లోకి చెప్పి నాకు పంపింది. అలవాటైన పని, ఎదురుగా మనిషి ఉన్నా మానుకోలేకపోయింది. అయితే నేను ఆ ఏడాది పుస్తకం కూడా చదివాను. విమానంలో మేము కూర్చునే మడత కుర్చీ మీద కాదు, అక్కడ చదవనివ్వరు. హోటల్ గదుల్లో. అవ్వ చెప్పినవీ పుస్తకం చెప్పినవీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఎక్కడ అవ్వ దారి తప్పిందో, ఎక్కడ పుస్తకం మరీ ఎండిపోయిందో కనబడేది. చదవడమంటే అదేనేమో అని అప్పుడు అనిపించింది.

పోయిన పేపర్ తిరిగి రాశాను, మిగతా ఏళ్ళూ గట్టెక్కాను, డిగ్రీ వచ్చింది. పట్టా తీసుకుపోయి ఇంట్లో పెడితే బాపు దాన్ని రెండు చేతులా పట్టుకుని, దూరంగా పెట్టి చూసి, దగ్గరగా పెట్టి చూసి, ఫొటో ఏడున్నదని అడిగాడు. ఫొటో ఉండదని చెప్పాను. మరి నీదేనని ఎట్ల తెలుస్తదన్నాడు.

పాఠాలు చెప్పే ఉద్యోగానికి ఇంటర్వ్యూ పెట్టారు. బల్ల అవతల ముగ్గురు. వాళ్ళలో పెద్దాయన నా కాగితాలు తిరగేస్తూ, సమాజశాస్త్రానికీ ట్రాలీకీ ఏం సంబంధమని అడిగాడు. నేను బట్టీ పట్టుకుని పోయిన జవాబు ఒకటి ఉండింది. నోరు తెరిస్తే అది రాలేదు, మస్కట్ విమానం వచ్చింది. బస్సు సంగతి, దస్తీ సంగతి, మా అవ్వ ఎదురుమాట, మైకులో నేను చెప్పింది, సగం మంది కూర్చోవడం, అన్నీ చెప్పాను. ఆయన విని, మరి మిగతా సగం మందిని కూర్చోబెట్టాలంటే ఏం చెయ్యాలన్నాడు. ఎం.ఏ. చదవాలి సార్ అన్నాను. అనాలని అన్నది కాదు, వచ్చేసింది. ముగ్గురూ నవ్వారు. ఉద్యోగం వచ్చింది.

ఇప్పుడు నా ఎదుట కొత్త పిల్లలు కూర్చుంటారు. తలుపు ఎట్లా తెరవాలో, పొగ వస్తే ఏం చెయ్యాలో, ఊపిరాడని మనిషిని ఎట్లా పట్టుకోవాలో చెప్తాను. ఇంటర్‌తో వచ్చినవాళ్ళుంటారు. ఇంజనీరింగ్ చదివి వచ్చినవాళ్ళూ ఎక్కువే. అట్లాంటి ఒక అమ్మాయి, ఆదిలాబాద్ అవతల మహారాష్ట్ర సరిహద్దు ఊరిది, మాటల్లో సగం మరాఠీ వాసన, మధ్యాహ్నం భోజనం దగ్గర నా పక్కకు వచ్చి కూర్చుంది. నాలుగేళ్ళు మెషీన్లు చదివాను, ఇక్కడ నాప్కిన్లు మడుస్తున్నాను, ఆ చదువంతా వట్టిదే కదా మేడం అని అడిగింది. ఇంటి దగ్గర కూడా అదే అంటున్నారట.

ముందు నేను పెద్దగొంతుతో చదువు విలువ గురించి ఏదో చెప్పాను. నాకే కాలేజీ గోడ మీది ప్రకటనలాగా వినిపించింది. ఆపేశాను. తలుపు తెరవడం ఏ డిగ్రీ నేర్పదు, ఇక్కడ నేను నేర్పుతాను అన్నాను. మా ట్రైనింగ్ పుస్తకంలో ప్రయాణికుడు ఏం చెయ్యాలో ఉంటుంది. ఆయన నిజంగా ఏం చేస్తాడో ఉండదు. అది తెలియాలంటే ఇంకెక్కడో ఏదో చదివి ఉండాలి, లేదా ఎవరి దగ్గరన్నా విని ఉండాలి. నేను సగం ఇట్లా, సగం అట్లా నేర్చుకున్నాను అన్నాను. ఆ అమ్మాయికి అర్థం కాలేదని మొహమే చెప్పింది. సరేనని, మా అవ్వ సంగతి మొదటి నుంచి చెప్పాను. ఆకాశంలో ఉన్నదన్న చోట ఆమె తింటున్న పెరుగన్నం గొంతుకడ్డం పడింది. ఊపిరాడని మనిషిని ఎట్లా పట్టుకోవాలో ఆ రోజు పాఠం కన్నా ముందే చూపించాల్సి వచ్చింది.

తరువాత క్లాసులో, దిగేటప్పుడు చెవులు ఎందుకు మూసుకుపోతాయని ఎవరో అడిగారు. నాకు తెలిసిన జవాబు ఒక్కటే, ఆవలించండి అని. ఆ అమ్మాయి లేచి, నన్ను అడిగి, బోర్డు మీద విమానం బొమ్మ వేసి లోపలి గాలి, బయటి గాలి, మధ్యలో మన చెవి అంటూ చక్కగా విప్పి చెప్పింది. ఏడ్చే పసిపిల్ల తల్లికి ఇది ఎట్లా చెప్పాలని నేను అడిగాను. ఆమె, "పాలు పట్టుమని చెప్త మేడం. మింగితె చెవి తెరుచుకుంటది" అంది. నేను రాసుకున్నాను.

అవ్వ ఇంకా క్లాసుకు పోతూనే ఉంది. నా డిగ్రీ అయిపోయిందన్న సంగతి ఆమెకు పెద్దగా పట్టలేదు. ఈసారి మా వాడలో ఒక కోడలుపిల్లను చేర్పించింది. చంటిపిల్ల ఉండటంతో ఆమె కదలలేదు, కాబట్టి అవ్వే కదులుతుంది. మీరే పరీక్ష రాయొచ్చు కదా అని సారు ఎన్నోసార్లు అన్నాడట. వినుడు మంచిగుంటది, రాసుడు ఎందుకు అంటుంది. ఆ కోడలుపిల్ల మాత్రం నాలాంటిది కాదు, అవ్వ గొంతు విన్నాక పుస్తకం తెరిచి సరిచూసుకుంటుందట. అవ్వకు అది కొంచెం బాధ.

మొన్న సెలవుకు ఇంటికి పోతే ఆదివారం. బాపు, నేను మాత్రమే ఉన్నాం. ఆయన అన్నం, పప్పు వండి పెట్టాడు. తిన్నాక, నువ్వు పిల్లలకు ఏం చెప్తవో నాకు చెప్పు అన్నాడు. ఎన్నడూ అడగని మనిషి. నేను రెండు కుర్చీలు వరసగా వేసి, ఆయన్ని కూర్చోబెట్టి, తువ్వాలును బెల్టులాగా కట్టి, బయటికి పోయే దారులు చేతులు చాచి చూపించాను. అటు వంటిల్లు, ఇటు వాకిలి. ఆయన శ్రద్ధగా చూశాడు.

"మా దాంట్ల గూడ గంతే బిడ్డా" అన్నాడు. బాయిలోకి మనుషుల్ని పంపే ముందు తానే పోయి పైకప్పును కర్రతో కొట్టి చూస్తాడట. చప్పుడు గట్టిగా వస్తే మంచిది, డొల్లగా వస్తే ఎవరినీ రానివ్వడు. ఏ తొవ్వన బయటికి రావాలో ముందుగానే చెప్తాడు. ఇన్నేళ్ళలో ఆయన పని గురించి ఆయన నోటి నుంచి ఇంత విన్నది అదే మొదటిసారి. మా ఇద్దరి కొలువూ దాదాపు ఒకటే, ఒకటి కింద, ఒకటి పైన.

చెప్పిన మాట వినకపోతే ఏం చేస్తావు బాపూ అని అడిగాను.

"ఇనకుంటె బయటికి పంపుత" అన్నాడు, బెల్టు విప్పుకుంటూ. తరువాత నా వైపు చూసి మెల్లగా నవ్వాడు. "నీకు గట్ల కుదురది. పైన్నుంచి యాడికి పంపుతవు?"